రిజిస్ట్రీలో చేయి జారిన పిమ్మట

కంప్యూటరులో ఒక ఉత్తరమును వ్రాసి మధ్యలో ఆ కిటికీని మూయబోయినచో, వ్రాసినదానిని భద్రపరుపవలయునా యని యంత్రము మన నొకసారి ప్రశ్నించును. ఒక ఫైలును చెరిపినచో అది వెంటనే నశింపక రీసైకిల్ బిన్‌లో కొంతకాలము మన పునరాలోచనకై వేచియుండును. వ్రాతలో ఒక మాట తప్పిపోయినచో కంట్రోల్, జెడ్ మీటలను కలిపి నొక్కినంతనే ఆ తప్పు వెనుకకు మరలును. ఇట్టి దాక్షిణ్యములకు ఏండ్ల తరబడి అలవాటుపడిన మనము, విండోస్ యంత్రములో రన్ అను చిన్న పెట్టెను తెరచి, రెజెడిట్ అని టైపుచేసి ఎంటర్ నొక్కినప్పుడు, అవి యేవియు అచ్చట పనిచేయవను సంగతిని సాధారణముగా గ్రహింపము. అచ్చట సేవ్ అను బొత్తము లేదు. అన్‌డూ అను ఆజ్ఞ లేదు. చెరిపినదానిని దాచు బుట్ట లేదు. చెరుపునప్పుడు మాత్రము యంత్రము ఒక్కసారి హెచ్చరించును. మార్చునప్పుడు ఆపాటి హెచ్చరికయు నుండదు. ఓకే నొక్కిన క్షణముననే పాత వ్రాత పోయి క్రొత్త వ్రాత నిలిచినది.

అయినను జనులు అచ్చటికి పోవుచునే యున్నారు. పెన్‌డ్రైవు పనిచేయకున్నచో ఒక యూట్యూబ్ వీడియో అచ్చటికే పొమ్మనును. టాస్క్‌బారు రూపమును మార్చుకొనవలెనను కోరిక, ఎన్నడును అక్కరకురాని క్యాప్స్‌లాక్ మీటను కంట్రోల్ మీటగా మలచుకొనవలెనను ముచ్చట, యంత్రమును మునుపు వాడినవారు పెట్టిపోయిన నిషేధమును తొలగింపవలెనను అవసరము, ఇవన్నియు ఆ త్రోవనే చూపును. పోయినవారిలో చాలమంది క్షేమముగనే తిరిగివత్తురు. కొందరు మాత్రము పై వరుసను దిద్దబోయి క్రింది వరుసను దిద్దియో, చెరుపవలసినదానితోపాటు ఉండవలసినదానిని గూడ చెరిపియో, యంత్రమును పునఃప్రారంభించిన పిమ్మట నల్లని తెరయెదుట కూర్చుండి, రిజిస్ట్రీ నంతటిని డిఫాల్ట్‌కు, అనగా మొదటి స్థితికి, తెచ్చు ఉపాయ మేదియని అడుగుదురు. ఆ ప్రశ్నకు సూటియైన సమాధానము దొరకకుండుటకు కారణము ప్రశ్నలోనే యున్నదని నా అభిప్రాయము. మొత్తము రిజిస్ట్రీకి మొదటి స్థితి యనునది లేదు. అందలి ఒక్కొక్క విలువకు ఒక సహజరూపము కలదు. యంత్రము మొత్తమునకు నిన్నటి స్థితి కలదు, మొన్నటి స్థితి కలదు. వీనిలో మనకు కావలసినదేదో తేల్చుకొనకయే కనబడిన ఔషధమునెల్ల ప్రయోగించుట వలననే చిన్న పొరపాట్లు పెద్ద ప్రమాదములుగా పరిణమించుచున్నవి.

విండోస్ తొలినాళ్లలో రిజిస్ట్రీ లేదు. విన్.ఐఎన్ఐ, సిస్టమ్.ఐఎన్ఐ అను సాదా వ్రాతఫైళ్లలో యంత్రపు అమరికలు వ్రాయబడియుండెడివి. అవి చాలవన్నట్లు ఒక్కొక్క ప్రోగ్రామును తనకొక ఐఎన్ఐ ఫైలును సమకూర్చుకొనెడిది. వానిని నోట్‌ప్యాడులో తెరచి ఎవ్వరైనను దిద్దుకొనవచ్చును, ప్రతి తీసి దాచుకొనవచ్చును. కాని అట్టి ఫైలు 64 కిలోబైట్లకు మించి పెరుగలేకుండెను. ఒకే యంత్రమును వాడు నలుగురి అమరికలను వేరువేరుగా నుంచుటకు అందు ఏర్పాటు లేకుండెను. 1992లో విండోస్ 3.1తోపాటు రిజిస్ట్రీ చిన్న రూపమున అవతరించి, ఏ జాతి ఫైలును ఏ ప్రోగ్రాము తెరువవలయునను లెక్కను మాత్రము చూచుకొనెను. మరుసటియేట విండోస్ ఎన్‌టిలో పూర్ణరూపమును దాల్చెను. 1995లో విండోస్ 95తో ఇండ్లలోని కంప్యూటర్లలో ప్రవేశించెను. ఊరిలో ఏ పొలము ఎవ్వరి అనుభవములో నున్నదో, అందే పంట వేయబడినదో కరణముగారి అడంగలు చెప్పినట్లు, ఈ యంత్రములో ఏ పరికరమునకు ఏ డ్రైవరు కావలయునో, ఏ సేవ ఎప్పుడు మొదలు కావలయునో, ఏ ఫైలును ఎవ్వరు తెరువవలయునో రిజిస్ట్రీ చెప్పును. అడంగలులో ఒక సర్వేనంబరు తప్పుపడినంతమాత్రమున పొలము కదలిపోదు. ఆ కాగితమును నమ్మి నడచువారందరును పొరపాటు పడుదురు. ఇచ్చట జరుగునదియు నదియే. రిజిస్ట్రీ చెడినప్పుడు ప్రోగ్రాములు చెడలేదు, డిస్కు చెడలేదు, పెండ్లి ఫోటోలును పిల్లల సర్టిఫికెట్లును ఉన్నచోటనే యున్నవి. వానికి దారిచూపు వ్రాత మాత్రమే తప్పినది. డిస్కును తుడిచి విండోస్‌ను క్రొత్తగా ఎక్కింపవలయునని తొందరపెట్టు రిపేరుదారుని మాటను వెంటనే ఒప్పుకొననక్కరలేదని పాఠకులు గుర్తించుట మేలు.

రెజెడిట్ కిటికీలో ఎడమప్రక్క ఐదు శాఖలు కనబడును. అందు స్వతంత్రమైనవి రెండే: యంత్రమున కంతకును వర్తించు హెచ్‌కీ లోకల్ మెషీన్ ఒకటి, వాడుకదారులకు వర్తించు హెచ్‌కీ యూజర్స్ మరియొకటి. ప్రస్తుతము లాగిన్ అయియున్నవారి భాగమునే కరెంట్ యూజర్ అను పేర మరల చూపుదురు; ఫైలుజాతుల లెక్కను తెలుపు క్లాసెస్ రూట్ అనునది, యంత్రపు భాగమును వాడుకదారుని భాగమును కలిపి చూపు దృశ్యము; కరెంట్ కాన్ఫిగ్ లోకల్ మెషీన్‌లోని ఒక మూలకు త్రోవ. ఈ వృక్షమంతయు డిస్కుమీద కొన్ని ఫైళ్లుగా నిలిచియున్నది. విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32లో కాన్ఫిగ్ అను ఫోల్డరున్నది. అందలి సిస్టమ్, సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ అను ఫైళ్లే యంత్రపు భాగము. ఒక్కొక్క వాడుకదారుని భాగము వారివారి ఫోల్డరులో ఎన్‌టియూజర్.డాట్ అను పేర మరుగుపడియుండును. ఈ విభజన కేవలము పాండిత్యవిషయము కాదు. తప్పు కరెంట్ యూజర్ శాఖలో జరిగినదైనచో దాని ఫలము ఆ ఒక్కరికే పరిమితము. సెట్టింగ్స్‌లోనికి పోయి క్రొత్త వాడుకదారు ఖాతాను సృష్టించి, దానితో లాగిన్ అయి చూచినచో, వ్యాధి అచ్చట కనబడకున్న యెడల తప్పు ఏ శాఖలోనున్నదో స్పష్టమగును. క్రొత్త ఖాతాకు అమరికలు యూజర్స్ ఫోల్డరులోని డిఫాల్ట్ అను ప్రతినుండి వచ్చును గనుక, రిజిస్ట్రీలో మొదటి స్థితి యని నిజముగా చెప్పదగినది ఏదైన నున్నచో ఆ ప్రతియే.

యంత్రపు భాగమునకు అట్టి ప్రతి లేదు, ఉండజాలదు. ఒకే నాడు ఒకే దుకాణములో కొన్న రెండు ల్యాప్‌టాపులలో సైతము, ఒకదానికి ప్రింటరును తగిలించి, మరియొకదానిలో ట్యాలీని ఎక్కించిన క్షణమునుండి సిస్టమ్, సాఫ్ట్‌వేర్ అను భాగములు వేరుపడుట కారంభించును. కావున మిత్రుని యంత్రమునుండి రిజిస్ట్రీ నంతటిని తెచ్చి మన యంత్రములో కలుపుట, అతని పరికరముల పేర్లను, అతని ప్రోగ్రాముల చిరునామాలను మన యంత్రమునకు అంటగట్టుటయే యగును. తెచ్చుకొనదగినది ఒక్క విలువ మాత్రమే. అదియు విండోస్ సంఖ్య రెండు యంత్రములలోను ఒకటియేయైనప్పుడు, రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి చూచి.

విలువలకైనను సహజరూపము ఒకే తీరున నుండదు. ఇచ్చటనే పెక్కుమంది తడబడుదురు. కొన్నింటికి సహజరూపమనగా అందు వ్రాయబడియున్న ఒక నిర్దిష్టమైన అంకెయో మాటయో. మరి కొన్నింటికి సహజరూపమనగా ఆ వరుసయే లేకుండుట. విండోస్‌లోని నిషేధములు చాలవరకు ఈ రెండవ జాతివి: టాస్క్ మేనేజరును తెరువనీయని డిజేబుల్‌టాస్క్‌ఎంజిఆర్, రెజెడిట్‌నే తెరువనీయని డిజేబుల్‌రిజిస్ట్రీటూల్స్ మొదలగునవి క్రొత్త యంత్రములో కానరావు, ఎవ్వరో సృష్టించినప్పుడే పుట్టును, వానిని చెరిపివేయుటయే పూర్వస్థితిని తెచ్చుట. మరి ప్రతి కీకి, అనగా విలువలుండు ప్రతి ఉపశాఖకు, మొదటి వరుసలో కనబడు డిఫాల్ట్ అను విలువ "విలువ ఇవ్వబడలేదు" అని చూపుటకును, ఖాళీగా చూపుటకును భేదమున్నది: దానిని తెరచి అందలి అక్షరములను చెరిపి ఓకే నొక్కినచో అది శూన్యమైన మాటను కలిగియున్నదగును గాని, ఇవ్వబడని స్థితికి రాదు, అందుకు ఆ వరుసనే డిలీట్ చేయవలయును. అంకెల విషయమునను ఒక చిక్కున్నది. డీవర్డ్ అను జాతి విలువను తెరచినప్పుడు పెట్టె సహజముగా హెక్సాడెసిమల్ పద్ధతిలో నుండును; డెసిమల్ అను గుర్తును ఎన్నుకొనక 10 అని వ్రాసినచో యంత్రము దానిని 16గా గ్రహించును. తప్పు ఎచ్చటనో తెలియక రాత్రియంతయు వెదకినవారికి, తుదకు అది ఈ చిన్న గుర్తులోనే దొరకిన సందర్భములు అరుదు కావు.

ఇక చేయి జారినదని తోచిన క్షణమున ఏమి చేయవలయును? చాలమంది స్వభావతః చేయునట్టిది యంత్రమును పునఃప్రారంభించుట. అదియే కూడదు. రిజిస్ట్రీలోని వ్రాత ఓకే నొక్కినంతనే మారిననుగూడ, ఆ వ్రాతను చదువువారు మాత్రము తమతమ సమయములందే చదువుదురు: కొన్ని ప్రోగ్రాములు తాము తెరువబడినప్పుడు, కొన్ని అమరికలు లాగిన్ సమయమున, డ్రైవర్లు పరికరము మొదలగునప్పుడు. కావున తప్పు జరిగిన పిమ్మట యంత్రము ఇంకను నడచుచున్నంతసేపు మనకు కొంత గడువు కలదు; రెజెడిట్ కిటికీ ఇంకను తెరచియే యున్నచో గుర్తున్న పాత విలువను అచ్చటనే మరల వ్రాయవచ్చును, గుర్తులేనిచో మరియొక యంత్రములో చూచి వ్రాయవచ్చును.

దీని ప్రాముఖ్యమును ఒక ఉదాహరణముతో గాని చెప్పజాలము. సీడీ, డీవీడీ డ్రైవులు కంప్యూటరులో అదృశ్యమైనప్పుడు, అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అను రెండు విలువలను చెరుపుడని ఒక ప్రసిద్ధమైన చికిత్స కలదు. అది సరియైన చికిత్సయే. అయితే ఆ విలువలుండు కీకి మనుష్యులు పలుకదగిన పేరు లేదు. అది 4డి36ఇ965 అని మొదలగు ఒక పొడుగైన సంఖ్య. దానికి కొంచెము దిగువనే 4డి36ఇ96బి అని మొదలగు కీ కలదు; అది కీబోర్డుల వర్గము. ఇంకను దిగువన 96ఎఫ్‌తో కూడినది మౌసుల వర్గము. ఈ మొదటి భాగపు చివరి అక్షరము తప్ప తక్కినదంతయు సమానమే. కీబోర్డు వర్గములోని అప్పర్‌ఫిల్టర్స్‌లో కెబిడిక్లాస్ అను ఒక మాట యుండును. దానిని సీడీ డ్రైవుదని భ్రమించి చెరిపినవానికి ఆ క్షణమున ఏ మార్పును కనబడదు, కీబోర్డు యథాప్రకారము పనిచేయుచునే యుండును. యంత్రమును పునఃప్రారంభించిన పిమ్మట పాస్‌వర్డ్ అడుగు తెరయెదుట ఒక్క అక్షరమైనను పడదు. మౌసు మిగిలియున్నచో ఆ తెరమీదనే క్రిందిమూల నుండు సౌలభ్యముల గుర్తును నొక్కి, తెరమీది కీబోర్డును తెరచి, మౌసుతో ఒక్కొక్క అక్షరమును నొక్కి లోనికి పోవచ్చును. పోయి, ఆ కీలో అప్పర్‌ఫిల్టర్స్ అను మల్టీ స్ట్రింగ్ విలువను మరల సృష్టించి, అందు కెబిడిక్లాస్ అని వ్రాసి పునఃప్రారంభించినచో కీబోర్డు తిరిగి వచ్చును. మౌసును గూడ పోగొట్టుకొన్నవారికి, అనగా మౌక్లాస్ అను మాటను సైతము చెరిపినవారికి, దిగువ చెప్పబోవు బయటి మార్గమే శరణ్యము.

మరియొక ఉదాహరణము చరిత్రప్రసిద్ధమైనది. 2001 జూలైలో ఈమెయిళ్ల ద్వారా లోకమంతయు వ్యాపించిన సర్‌కామ్ అను వైరసు, ఎక్స్ఇ ఫైళ్లను తెరచు ఆజ్ఞను రిజిస్ట్రీలో మార్చి, ఏ ప్రోగ్రామును తెరచినను ముందు తానే నడచునట్లు ఏర్పాటు చేసుకొనెను. వైరసును పట్టి చెరిపినవారు ఆ ఆజ్ఞను మాత్రము దిద్దకుండినచో, యంత్రము ప్రతిసారియు లేని వైరసును వెదకి విఫలమై, ఒక్క ప్రోగ్రామునైనను తెరువకపోయెను. వైరసు లేకయే, స్వయముగా దిద్దబోయి ఇదే దుస్థితిని తెచ్చుకొన్నవారును కలరు. ఆ ఆజ్ఞ క్లాసెస్ రూట్‌లో ఎక్స్ఇఫైల్, షెల్, ఓపెన్, కమాండ్ అను వరుస కీల లోపల డిఫాల్ట్ విలువగా నుండును. దాని సహజరూపము "%1" %* అనునంత మాత్రమే. అందలి ఉద్ధరణచిహ్నములైనను, నడుమనున్న ఖాళీయైనను తప్పరాదు. ఎక్స్ఇ అను పొడిగింపునకు చెందిన కీలో డిఫాల్ట్ విలువ ఎక్స్ఇఫైల్ అని యుండవలయును. కాని రెజెడిట్ సైతము ఎక్స్ఇ ఫైలే గదా, దానిని తెరచుటెట్లు? విండోస్ ఎక్స్‌పి కాలమున చతురులు రెజెడిట్ ఫైలు పొడిగింపును ఎక్స్ఇ నుండి కామ్‌గా మార్చి తెరచెడివారు. కామ్ ఫైళ్ల ఆజ్ఞ వేరుగా నుండుటచే అది చెడకుండెను. ఆ కాలముననే దిద్దుబాటును ఒక రెగ్ ఫైలుగా వ్రాసి డబుల్ క్లిక్ చేయుటయు ఫలించెడిది. ఏలయన రెగ్ ఫైలు తన సొంత ఆజ్ఞద్వారా రెజెడిట్‌ను సూటిగా పిలుచును గాని, చెడియున్న ఎక్స్ఇ ఆజ్ఞను అడుగదు. మరియొక చిక్కును కలదు: కరెంట్ యూజర్ శాఖలోని సాఫ్ట్‌వేర్, క్లాసెస్ కీలో ఎక్స్ఇ అను వేరొక కీ పుట్టినచో, యంత్రపు భాగములోని సరియైన వ్రాతను అది కప్పివేయును. అట్టి చోట దిద్దుట వృథా; ఆ కీని తొలగించుటయే దిద్దుబాటు.

కార్యాలయములలో పెన్‌డ్రైవులను నిషేధించుటకు వాడు ఉపాయము మన పాఠకులలో పెక్కుమందికి అనుభవమే. సర్వీసెస్ కీలో యుఎస్‌బిస్టోర్ అను కీ, అందు స్టార్ట్ అను విలువ కలవు. సేవలు ఎప్పుడు మొదలుకావలయునో ఈ స్టార్ట్ విలువ చెప్పును: 0, 1 అనునవి యంత్రము లేచునప్పుడు, 2 తనంతట, 3 అవసరమైనప్పుడు, 4 ఎన్నడును వద్దు. పెన్‌డ్రైవుల విషయమున సహజమైన అంకె 3. నిషేధించినవారు 4 వ్రాసియుందురు. ఉద్యోగి స్వయముగా దానిని 3 చేయుట న్యాయమా కాదా యనునది వేరు చర్చ. నేను చెప్పునదేమన, ప్రక్కనున్న ఇతర సేవల అంకెలను దీనితోపాటు 3 చేసి చూడరాదు. డిస్కును చదువు డ్రైవరు 0గా నుండవలసినచోట 3 వ్రాసినచో విండోస్ లేవనే లేవదు.

తెలుగు టైపుచేయువారు తరచుగా పోవు మూలయొకటి రిజిస్ట్రీలోని కంట్రోల్ అను కీలో కలదు. అచ్చట కీబోర్డ్ లేఅవుట్స్ అను కీలో తెలుగునకు చెందినది 0000044ఎ అను సంఖ్యతో నుండును. దానిని ఆనుకొనియే బహువచనము లేని కీబోర్డ్ లేఅవుట్ అను వేరొక కీ యున్నది. మీటల స్థానములను మార్చగోరువారు స్కాన్‌కోడ్ మ్యాప్ అను విలువను సృష్టింపవలసినది ఈ రెండవదానిలో. మొదటిదానిలో సృష్టించి, ఫలము కానక, అచ్చటి తక్కిన విలువలపై చేయి చేసుకొనువారు కలరు. స్కాన్‌కోడ్ మ్యాప్ సహజముగా లేని విలువ. కనుక మీటలు తారుమారైనచో దానిని చెరిపి పునఃప్రారంభించినచో చాలును. తెలుగు సంఖ్య గల కీ మాత్రము సహజముగా నుండవలసినది. అది పోయినచో అదే విండోస్ సంఖ్య గల మరియొక యంత్రములో ఆ ఒక్క కీని ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకొనవచ్చును. సంఖ్య అన్ని యంత్రములకును ఒకటియే యగుట ఇచ్చట మన అదృష్టము.

ముందుచూపుగలవారు దిద్దుటకు పూర్వమే ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి ఒక రెగ్ ఫైలును దాచుకొనియుందురు. వారికి డబుల్ క్లిక్‌తో పని తీరును. అయినను అందొక పరిమితి కలదు. రెగ్ ఫైలును కలిపినప్పుడు అందున్న విలువలు రిజిస్ట్రీలో వ్రాయబడును గాని, ఎక్స్‌పోర్ట్ చేసిన తరువాత మనము క్రొత్తగా చేర్చిన విలువలు తొలగిపోవు. చెడుగు మనము చేర్చినదానివలన కలిగియున్నచో, దానిని చేతితో చెరుపవలయును, లేదా నోట్‌ప్యాడులో రెగ్ ఫైలును తెరచి, విలువ పేరు తరువాత సమానచిహ్నమును, దాని తరువాత ఒక ఋణచిహ్నమును వ్రాయవలయును. కీ నంతటిని తొలగింపగోరినచో చతురస్రకుండలిలో పేరునకు ముందు ఋణచిహ్నము నుంచవలయును. త్రోవలను వ్రాయునప్పుడు విలువలలోని వెనుకవ్రాలు గీతలను రెండేసిగా వ్రాయుట మరువరాదు.

అట్టి ఫైలు లేనివారికి మొదటి ఆశ్రయము సిస్టమ్ రీస్టోర్. ఇది 2000లో విండోస్ ఎంఈతో వచ్చినది. దీనికి పూర్వము విండోస్ 95 తాను క్షేమముగా లేచినప్పుడెల్ల రిజిస్ట్రీకి ప్రతి తీసి దాచెడిది. విండోస్ 98 దినమున కొకటిగా ఐదు ప్రతులను నిలువయుంచి, డాస్ తెరమీద స్కాన్‌రెగ్ అను ఆజ్ఞతో వానిలో నొకదానిని ఎన్నుకొననిచ్చెడిది. విండోస్ ఎన్‌టి వంశములో లాస్ట్ నోన్ గుడ్ అను మరియొక ఏర్పాటు విండోస్ 7 వరకు ప్రచారములో నుండెను. అది సేవలకును డ్రైవర్లకును సంబంధించిన భాగమును మాత్రము, ఇంతకు మునుపు క్షేమముగా లాగిన్ అయిన నాటి స్థితికి తెచ్చెడిది. లాగిన్ కాగానే ఆ పాత ప్రతి చెరిగిపోవుటచే, తప్పు చేసినవాడు పునఃప్రారంభించి తొందరపడి లాగిన్ అయినచో ఆ అవకాశము చేజారెడిది. విండోస్ 8 నుండి ఎఫ్8 మీట త్రోవ సహజముగా మూయబడినది. పాతకాలపు విండోస్‌లను తిట్టుకొనుట మనకు అలవాటు; ఈ ఒక్క విషయమున అవే ఉదారములని నే ననుకొందును.

సిస్టమ్ రీస్టోర్‌ను రన్ పెట్టెలో ఆర్‌స్ట్రుయి అని టైపుచేసి తెరువవచ్చును. అది చూపు రీస్టోర్ పాయింట్లలో తప్పునకు ముందటిదానిని ఎన్నుకొన్నచో రిజిస్ట్రీయు, విండోస్ ఫైళ్లును ఆ నాటి స్థితికి పోవును. మన ఉత్తరములు, ఫోటోలు చెక్కుచెదరవు. ఆ తేదీ తరువాత ఎక్కించిన ప్రోగ్రాములు మాత్రము పోవును. అయితే ఇటీవలి యంత్రములలో అనేకము ఈ రక్షణ ఆపబడియే మన చేతికి వచ్చును. పాయింట్లు లేవని తెర చూపునప్పుడే ఆ సంగతి తెలియుట విచారకరము.

విండోస్ లేవనే లేవనప్పుడు, లేచినను లాగిన్ కానీయనప్పుడు, బయటినుండి రిజిస్ట్రీని దిద్దుటకు ఒక మార్గము కలదు. లేవబోయి వరుసగా విఫలమైనచో విండోస్ తనంతట రికవరీ తెరను చూపును; లేదా ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవుతో యంత్రమును లేపి మరమ్మతు మార్గమును ఎన్నుకొనవచ్చును. డిస్కు బిట్‌లాకర్‌తో బిగింపబడియున్నచో 48 అంకెల రికవరీ కీని అడుగును. దానిని ముందుగా సంపాదించి దగ్గర నుంచుకొనవలయును. అచ్చట కమాండ్ ప్రాంప్ట్ తెరచి రెజెడిట్ అన్నచో అదియు తెరచుకొనును. అనేకులు మోసపోవు చోటిదియే: ఆ కిటికీలో కనబడునది మన విండోస్ రిజిస్ట్రీ కాదు, మెమరీలో తాత్కాలికముగా లేచిన రికవరీ వ్యవస్థ రిజిస్ట్రీ. దానిని ఎంత శ్రద్ధగా దిద్దినను పునఃప్రారంభముతో ఆ దిద్దుబాటంతయు మాయమగును. హెచ్‌కీ లోకల్ మెషీన్‌ను ఎన్నుకొని, ఫైల్ మెనూలోని లోడ్ హైవ్ అను ఆజ్ఞతో మన డిస్కులోని కాన్ఫిగ్ ఫోల్డరునకు పోయి, సిస్టమ్ ఫైలునో సాఫ్ట్‌వేర్ ఫైలునో తెరచి, దానికొక తాత్కాలికపు పేరు పెట్టవలయును. మన సి డ్రైవు అచ్చట డి అని పిలువబడవచ్చును గనుక విండోస్ ఫోల్డరు ఎచ్చటనున్నదో చూచుకొనవలయును. ఇట్లు తెరచిన సిస్టమ్‌లో కరెంట్‌కంట్రోల్‌సెట్ అను కీ కనబడక కలవరపడనక్కరలేదు. అది నడచుచున్న విండోస్‌లో మాత్రమే పుట్టు పేరు. సెలెక్ట్ అను కీలో కరెంట్ విలువ 1 అని యున్నచో కంట్రోల్‌సెట్001 లోనే దిద్దుబాటు చేయవలయును. కీబోర్డును మౌసును పోగొట్టుకొన్న వానికి ఫిల్టర్లను మరల వ్రాయుట ఇచ్చటనే. పాస్‌వర్డ్‌ను అంగీకరించి మరుక్షణముననే బయటకు నెట్టివేయు యంత్రమునకు, సాఫ్ట్‌వేర్ ఫైలులో విన్‌లోగాన్ కీలోని యూజర్‌ఇనిట్ విలువను సరిచూచుటయు నిచ్చటనే. ఆ విలువ సిస్టమ్32లోని యూజర్‌ఇనిట్.ఎక్స్ఇ యొక్క పూర్తి త్రోవ. దాని చివర ఒక కామా యుండును. అది అచ్చుతప్పని తలచి చెరిపివేయువారుందురు కావున చెప్పుచున్నాను, ఆ కామా అచ్చట సహజముగా నుండునదే. పని ముగిసిన పిమ్మట అన్‌లోడ్ హైవ్ చేసి బయటికి రావలయును.

ఎస్ఎఫ్‌సి, డిజమ్ అను ఆజ్ఞలను ప్రతి రోగమునకును చెప్పు అలవాటు వ్యాపించినది. అవి చెడిన విండోస్ ఫైళ్లను బాగుచేయును. మనము చేతితో మార్చిన విలువను మార్చవు. రిజిస్ట్రీ క్లీనర్లను గూర్చి చెప్పవలసినది ఇంకను తక్కువ: మైక్రోసాఫ్ట్ సంస్థయే వానిని సమర్థింపదు. ఏ మార్గమును ఫలింపనప్పుడు, విండోస్ లేచుచున్నచో అదే సంఖ్య గల ఇన్‌స్టాలేషన్‌ను లోపలినుండి నడిపి, ఫైళ్లను ప్రోగ్రాములను నిలుపుకొనుచు విండోస్‌ను తనపైననే మరల ఎక్కింపవచ్చును. లేవనిచో రీసెట్ అను మార్గము ఫైళ్లను నిలిపి, ప్రోగ్రాములను తీసివేయును. మొదటి స్థితి యని జనులు కోరునదానికి ఈ రీసెట్ మిక్కిలి దగ్గర. అందుకు చెల్లింపవలసిన వెల గూడ మిక్కిలి యెక్కువ.

పాత పుస్తకములలోను, ఇంకను ప్రచారములోనున్న సలహాలలోను, కాన్ఫిగ్‌లోని రెగ్‌బ్యాక్ ఫోల్డరునుండి ఫైళ్లను తెచ్చి చెడినవానిపై కప్పుడని యుండును. ఒకప్పుడు అది దివ్యౌషధమే. విండోస్ తనంతట అచ్చట ప్రతులను దాచుచుండెడిది. 2018లో వచ్చిన విండోస్ 10 యొక్క 1803 రూపమునుండి, డిస్కులో చోటు మిగుల్చుటకని మైక్రోసాఫ్ట్ ఆ పనిని మాన్పినది. ఫైళ్ల పేర్లు మాత్రము అట్లే యుండి, వాని పరిమాణము సున్నగా నుండును. పేర్లను చూచి నమ్మి, సున్న ఫైలును తెచ్చి, ఒక్క విలువ మాత్రమే తప్పిన మంచి ఫైలుపై కప్పినవాడు రిజిస్ట్రీనంతటిని పోగొట్టుకొనును. కాబట్టి కప్పుటకు ముందు పరిమాణమును చూచి, పాత ఫైలును చెరుపక వేరొక పేరు పెట్టి ఉంచవలయును. ఆ ఏర్పాటును మరల మేల్కొలుపగోరువారు, లోకల్ మెషీన్‌లో సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, సెషన్ మేనేజర్, కాన్ఫిగరేషన్ మేనేజర్ అను కీలో ఎనేబుల్‌పీరియాడిక్‌బ్యాకప్ అను డీవర్డ్ విలువను సృష్టించి, అందు 1 వ్రాసి, యంత్రమును పునఃప్రారంభింపవలయును. కొన్నినాళ్లకు రెగ్‌బ్యాక్ ఫోల్డరులో ఫైళ్ల పరిమాణము సున్న కాక యుండవలయును; అప్పటికిని సున్నయే యున్నచో, టాస్క్ షెడ్యూలరులో మైక్రోసాఫ్ట్, విండోస్, రిజిస్ట్రీ అను వరుసలోని రెగ్‌ఐడిల్‌బ్యాకప్ అను పనిని చేతితో నడిపి చూడవచ్చును.